పళ్లెం బియ్యంలో జపాను అక్షరాలు

అయ్యలారా, అమ్మలారా! తెలుగుజాతి బాగుపడాలంటే ఇంటింటా జపనీస్ నేర్పించాల్సిందే! నవ్వకండి. రాయ్‌పూర్‌లో రైల్వేవాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా ఇల్లు ఇప్పటికే సగం బాగుపడింది.

మా అమ్మాయి నీలిమ శంకర్ నగర్‌లో జపనీస్ కోచింగ్‌లో చేరింది. ఆ భాషకు లిపులెన్నో తెలుసా? మూడు! సొంత మాటలకు హిరగానా, బయటినుంచి వచ్చిన మాటలకు కతకానా, ఈ రెండూ చాలవన్నట్టు చైనానుంచి తెచ్చుకున్న కాంజి. పైగా మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలరట! గోడకు గోడ ఆనుకున్న రైల్వే క్వార్టర్‌లో పెరిగిన పిల్లకు ఇంతకన్నా నప్పే భాష ఉంటుందా?

ఇక వ్యాకరణం! ఆహా! నామవాచకాలకు ఆడా మగా తేడాయే లేదు. హిందీలో రైలుబండి ఆడదని గుర్తులేక "గాడీ ఆ రహా హై" అని సర్వీసంతా అని, "రహీ బోలో భాయ్!" అని ఆఫీసులో ధనుంజయ్ చేత చివాట్లు తిన్న నాకు కళ్లనీళ్లు తిరగవూ?

క్రియ కూడా మనకు లాగే వాక్యం చివరే. అవునో కాదో ఆఖరికి గాని తేలదు. "నేనివాళ బజారుకు వెళ్ల..." అని మొదలుపెట్టి, ఇంటావిడ మొహం చూసి, "...డానికే చెప్పులేసుకుంటున్నా" అని ముగించొచ్చు. కాపురాలు నిలబెట్టే వ్యాకరణమండీ!

మా ఆవిడ సుభద్ర ఊరుకుంటుందా? "ఏటయినా కొత్త అచ్చరాలు కదండీ, పంతులుగారిని పిలవండి" అంది. జోగయ్య పంతులుగారొచ్చారు. పళ్లెంలో బియ్యం పోశాం. ఇరవయ్యేళ్ల నీలిమ బుద్ధిగా కూర్చుని, బియ్యంలో వేలు పెట్టి జపాను 'అ' రాసింది. మూడే గీతలు! ఏది ముందో ఏది వెనకో దానికీ రూలుంది! సుభద్ర హారతిచ్చింది. పక్కింటి ఊర్మిళ దీదీ చప్పట్లు కొట్టింది. నేనైతే ఉబ్బితబ్బిబ్బయ్యాను.

పంతులుగారికీ ముచ్చటేసింది. "తల్లీ, ఆ పక్కనే మన 'అ' కూడా రాసీమ్మా" అన్నారు.

నీలిమ వేలు గాల్లో ఆగిపోయింది. "వో వాలా నాకు రాదు కదా పంతులుగారూ! ఎగ్జామ్‌లో వస్తాదేటి?"

పంతులుగారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. సుభద్ర గబగబా బియ్యం చదును చేసేసి కాఫీ పెడతానని లోపలికి వెళ్లిపోయింది.

అయినా సరే, జపనీస్ గొప్పదే! నేను వెనక్కి తగ్గను! ఈ కాలమ్ అచ్చయ్యాక మా అమ్మాయికి చూపిస్తాను. "అరే వాహ్ నాన్నా, నీ ఫోటో వచ్చీసింది!" అని మురిసిపోతుంది. ఫోటో కింద ఉన్నదంతా దానికి ముగ్గు.

అందుకే పాఠకులకు చిన్న మనవి. మీలో జపనీస్ బాగా వచ్చినవాళ్లెవరైనా ఉంటే దీన్ని ఆ భాషలోకి మార్చి పంపండి. నేను రాసింది నా కూతురు ఒక్కసారైనా చదవాలని ఉంది.