అల్లుడుగారి కంటిరంగు లెక్క

ఆ ఆదివారం పొద్దున అల్లుడుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోగా ఇంట్లోవాళ్ళందరి కళ్ళ రంగూ రాసుకోవాలి. ఇంకో మూడు వారాల్లో పుట్టబోయే బిడ్డ కళ్ళు ఏ రంగులో ఉంటాయో తేల్చెయ్యాలి. అంతే.

అతను పెయింట్ల దుకాణంలో రంగులు కలిపేవాడు. గోడ మీంచి గోరంత పెచ్చు ఊడదీసి తెచ్చినా సరే, ఏ రంగు ఎన్ని చుక్కలు పడాలో ఇట్టే చెప్పేస్తాడు. అందుకే వీధిలో అందరూ అతన్ని షేడుకార్డు అంటారు. ముందురోజు కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మేడమ్ పడగ్గదికి రంగు కొనడానికి వచ్చి, మాటల మధ్యలో, "లేత కళ్ళ రంగు తరాల తరబడి దాక్కునుంటుందండీ. రెండువైపులా ఉంటే ఒక్కోసారి పిల్లల్లో బయటపడుతుంది" అన్నారు. "కానీ కచ్చితంగా లెక్కగట్టలేం" అని కూడా అన్నారు గానీ, సరిగ్గా అప్పుడే డబ్బాలు కుదిపే యంత్రం మొదలైంది. ఆ రెండో ముక్క అతని చెవిన పడలేదు.

కూతురి పురిటికని వచ్చి ఉన్న అత్తగారివి ఆకుపచ్చ ఛాయ కళ్ళు. చుట్టాల్లో ఆవిడ పేరే పిల్లికళ్ళ పిన్ని. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో మామగారు "నీ పచ్చ కళ్ళు" అనకుండా ఒక్క రోజు గడపలేదు. షేడుకార్డు నాయనమ్మవీ లేత కళ్ళే. రెండు డబ్బాలూ దొరికాయి, ఇక కలపడమే తరువాయి అనుకున్నాడతను.

భార్యది అయింది, అత్తగారిది అయింది. పేపరు చదువుకుంటున్న మామగారి కంటి పక్కన రంగుల కార్డు ఆనించి, తేరిపార చూసి, "ఊఁ... పసుపు కాస్త ఎక్కువే" అని గొణుక్కున్నాడు. రాయబోతే పెన్ను రాయలేదు. ఇంకోటి వెతికి తెచ్చేసరికి కుర్చీ ఖాళీ. మామగారు బాత్రూములో, అద్దం ముందు, కింది రెప్ప లాగి పట్టుకుని ఉన్నారు.

"బాగా ఎక్కువుందా, అల్లుడుగారూ?" అన్నారు నీరసంగా.

"పైపైన చూస్తే తెలీదు మామయ్యగారూ. నేను కాబట్టి పట్టుకున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి అంటారు?"

"పుట్టుకతోనే ఉండుంటుంది. వంశంలో వచ్చేదే కదా. రేపు బిడ్డకీ రావచ్చు."

"బిడ్డక్కూడానా!" మామగారు బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డారు.

"వస్తే మంచిదే కదండీ, ఎంత ముచ్చటగా ఉంటుంది!" అని షేడుకార్డు హుషారుగా పెన్ను తీసుకుని వెళ్ళిపోయాడు.

అరగంటలో ఇల్లు తలకిందులైంది. మామగారు టిఫిను వద్దన్నారు, కాఫీ వద్దన్నారు, మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు. కామెర్లని ఒక్క మాట మాత్రం అత్తగారి చెవిలో వేశారు. ఆవిడ తన అన్నయ్యకు ఫోను చేశారు. ఆయన ఇంకో నలుగురికి చేసి, రెండు సంచుల పళ్ళతో దిగబడ్డారు.

భార్య నడుం పట్టుకుని, ఏడుస్తూ వచ్చి నిలదీసింది. "నాన్నకి ఏదో ఉందని మీరు కనిపెట్టారట. నాతో ఎందుకు చెప్పలేదు?"

తన లెక్క సంగతి అందరికీ తెలిసిపోయిందనుకున్నాడు షేడుకార్డు. "సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెబుదామనుకున్నానే. నువ్వేడుస్తావేంటి?"

ఆ మాటతో అత్తగారు కూడా ఏడుపు అందుకున్నారు. డాక్టరు దగ్గరికని అందరూ కారెక్కాక అసలు సంగతి అర్థమై, "నేనన్నది షేడండీ, జబ్బు కాదు!" అని అతను మొత్తుకున్నాడు. తమకు ధైర్యం చెబుతున్నాడని అందరూ జాలిగా చూశారు.

ఆదివారం పూట తెరిచి ఉన్నది బజారు వీధి చివర కంటి డాక్టరు గారొక్కరే. ఆవిడ మామగారి రెండు కళ్ళలోకీ లైటు వేసి చూశారు. "కామెర్లూ లేవు, ఏమీ లేవు. కళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఇంతకీ అద్దంలో మీరే చూసుకోవచ్చుగా?"

"చూశానమ్మా. రంగుల విషయంలో నా కళ్ళ మీద నాకంత నమ్మకం లేదు" అన్నారు మామగారు.

డాక్టరు గారు సొరుగులోంచి రంగురంగుల చుక్కల పుస్తకం తీశారు. "ఇందులో ఏ అంకె కనిపిస్తోంది?"

"చుక్కలే కనిపిస్తున్నాయి."

"ఇందులో?"

"ఇవీ చుక్కలే."

"మీకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు కదూ? పుట్టుకతోనే?"

మామగారు తల వంచుకున్నారు. అత్తగారు మెల్లగా లేచారు.

"మరి ముప్ఫై రెండేళ్ళుగా నా పచ్చ కళ్ళు, పచ్చ కళ్ళు అని..."

"రంగు మీ అన్నయ్య చెప్పాడే. కళ్ళు మాత్రం నేనే చూశాను."

అన్నయ్య పళ్ళ సంచి సర్దుకోవడంలో మునిగిపోయారు. అత్తగారు కోప్పడదామని నోరు తెరిచి, ఏమనుకున్నారో, పైటతో కళ్ళద్దుకుని భర్త పక్కనే కూర్చున్నారు.

డాక్టరు గారు కూతురివైపు తిరిగారు. "ఇది మీ నాన్నగారి నుంచి మీకు వచ్చే ఉంటుందమ్మా. మీ చూపులో తేడా ఏమీ ఉండకపోవచ్చు. అబ్బాయి పుడితే మాత్రం వాడికి రావడానికి సగానికి సగం అవకాశం. ప్రమాదమేం కాదు. రంగులతో పనిచేసే ఉద్యోగాలు కష్టం, అంతే."

షేడుకార్డు జేబులోంచి తన లెక్క కాగితం తీశాడు. "మరి... కళ్ళ రంగు ఏమవుతుందండీ?"

"అది చెప్పలేం. ఇదైతే చెప్పగలం."

మూడు వారాలకు అబ్బాయి పుట్టాడు. అమ్మమ్మ పచ్చ కళ్ళంది, మేనత్త నల్లకళ్ళంది, నర్సు నెలలు పోతేగాని తేలదంది. అందరూ భోజనాలకు లేచాక షేడుకార్డు ఒక చేత్తో ఎర్రడబ్బా మూత, ఇంకో చేత్తో పచ్చడబ్బా మూత పట్టుకుని ఉయ్యాల దగ్గరకు చేరాడు.

"నాన్నా, ఇటు చూడు. ఇదిగో, ఇప్పుడిటు చూడు."

పిల్లవాడు రెండింటికీ సమానంగా ఆవులించాడు.