ఏలికపాముల వల్ల ఎన్ని లాభాలో!

కడుపులో ఏలికపాములు లేని పిల్లలంత దురదృష్టవంతులు లోకంలో లేరండీ! నవ్వకండి. పెదబయలు సంతవీధిలో కిరాణా కొట్టున్న సర్వేశ్వరరావు గారు ఏనాడో కనిపెట్టిన సత్యమిది.

కొండ దిగువ గూడెం పిల్లల్నే చూడండి. చేతులు పుల్లల్లా ఉన్నా, పొట్టలు మాత్రం కామందు పొట్టలే! వాటిని చూసి "వీళ్లకేం లోటు?" అని ఆయన ఎన్నిసార్లు మురిసిపోయారో! పైగా ఒంటరితనమన్నదే లేదు. ఏ కడుపు చూసినా ఉమ్మడి కుటుంబం! అపార్ట్‌మెంట్లలో మనకి పక్కింటాయన పేరైనా తెలుసా?

ఈ భాగ్యానికి మూలం ఆయనింటి కొత్త లెట్రిన్. మొజాయిక్ ఫ్లోరు, రోజారంగు బేసిన్! గొయ్యి తవ్విస్తే పెరట్లో బంతిమొక్కలు పాడవుతాయని, పైపు తిన్నగా వెనక పారే గెడ్డలోకి పెట్టించారు. దిగువ గూడెం తాగేది ఆ గెడ్డ నీళ్లే.

ఆ గూడెంలో కనక అనే ఆవిడ గెడ్డ ఒడ్డున ముల్లంగి, కొత్తిమీర పండించి సంతకు తెస్తుంది. ఆవిడ కూతురు బేబి ఏడాదిగా పాలిపోయి, నాలుగడుగులేస్తే ఆయాసపడుతోంది.

"సావుకారు బావూ, వానలు పడకముందే ఆ గొట్టం తిప్పించీయండి. మా గుంట నిలబడనేకపోతంది."

"బళ్లో పురుగుల మాత్ర ఇచ్చారు కదే?"

"ఇచ్చినారు. అది మింగడానికీ ఆ గెడ్డ నీళ్లే కదా!"

"మీకు శుభ్రత తెలీదే కనకా," అని జాలిపడి, ఆయన రెండు కట్టల కొత్తిమీర కొసరు లాక్కున్నారు.

నెల తిరక్కుండా ఆయన కూతురు స్వాతికి కడుపునొప్పి! కాచి వడగట్టిన నీళ్లు తప్ప తాగని పిల్లకి! డాక్టరు పరీక్ష చేయించి, "ఏలికపాములు. పచ్చివేమైనా తింటుందా?" అన్నాడు. తినకేం? పెరుగుపచ్చట్లో పచ్చి ముల్లంగి, పైన కొత్తిమీర!

సర్వేశ్వరరావు గారు సంతలో కనక మీద విరుచుకుపడ్డారు. "ఏటే, మాకు రోగాలమ్ముతున్నావా?"

"నానెక్కడ తెచ్చినాను బావూ? మీ ఇంటికాడ బయలెల్లినవే మల్లీ మీ ఇంటికొచ్చీసినాయి. దారి తెలుసు కదా!"

సంతంతా గొల్లుమంది.

చూశారా, దిగువన ఉన్నంతసేపూ భాగ్యం, డాబా ఎక్కేసరికి రోగం! ఆయన కళ్లు తెరుచుకున్నాయి. వారంలో చర్యలు తీసుకున్నారు. ముల్లంగి ఇప్పుడు పైపుకి ఎగువనున్న గూడెం నుంచి వస్తోంది. దిగువ గూడెం చైతన్యం కోసం రేకు బోర్డు రాయించారు. గెడ్డలో కదలకుండా నిలబడింది ఆ పైపే కాబట్టి, దానికే కట్టించారు.

'గెడ్డ నీళ్లు కాచి తాగండి' దాకా తల్లికి బేబి గడగడా చదివి వినిపించింది. కింద పెద్దక్షరాల్లో ఉన్న దాత గారి పేరు సగం చదివేసరికి ఆయాసమొచ్చి కూలబడింది.