సభ్యురాలు హాజరు

"ఓటు హక్కిచ్చినంక నలభై ఏండ్లు ఆగితే గాని ఆస్ట్రేలియా ఒక ఆడమనిషిని దేశసభకు పంపలేదట. గా పని మనం ఒక్క పూటల కానిచ్చినం," అని పందొమ్మిది వందల అరవైలో మా పంచాయతీ సమితి అధ్యక్షులు హనుమండ్లు పటేల్ గారు ప్రకటించారు. ఆస్ట్రేలియా సంగతి ఆయనకు మిషన్ బడి పంతులు దేవదాస్ చెప్పాడు. అది ఏ దిక్కున ఉందో తెలియకపోయినా పటేల్ గారు దాని వెనకబాటుకు జాలిపడ్డారు. అదే బడిలో ఏడో తరగతి దాకా చదివిన సంతోషమ్మ మా సమితికి తొలి సభ్యురాలైంది.

సభ్యురాలి గౌరవానికి భంగం కలగరాదని ఆమెను సభకు రానివ్వలేదు. ఆమె కుర్చీలో భర్త యెషయా కూర్చునేవాడు, చాయ్ తాగేవాడు, ఊళ్లో మెంబర్ సాబ్ అనిపించుకునేవాడు. సభ ముగిశాక తీర్మానాల పుస్తకం ఇంటికొచ్చేది. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట సంతోషమ్మ సంతకం చేసేది.

ఆమె కోరింది ఒక్కటే, ఊళ్లో కాన్పుల గది. రెండేండ్ల కింద పెద్దబిడ్డ కాన్పుకని నిర్మల్ పట్నం దవాఖానకు పోతూ బండిలోనే చనిపోయింది. ఇప్పుడు చిన్నబిడ్డకు నెలలు నిండుతున్నాయి. సంతోషమ్మకు భయంగా ఉంది. "సభల పెట్టిన, అందరు తలూపిండ్రు," అని యెషయా ప్రతి నెలా చెప్పేవాడు. ఇటుకలు కూడా దిగాయి.

ఒకనాడు సంతోషమ్మ సంతకానికి ముందు పుస్తకం చదివింది. అలాంటి ప్రమాదాన్ని ఎవరూ ఊహించలేదు. "మంత్రివర్యులు మహిళాభ్యుదయంపై ప్రసంగించనున్నందున, కాన్పుల గది ఇటుకలతో స్వాగత ద్వారం కట్టవలెనని సభ్యురాలు శ్రీమతి సంతోషమ్మ ప్రతిపాదించగా, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

"నేనెప్పుడన్న గీ మాట?"

"పటేల్ అడిగిండు. కాదంటె బాగుండదని తలూపిన," అన్నాడు యెషయా.

మరుసటి సభకు ఆమే వెళ్లింది. ఆమె కుర్చీ ఖాళీ లేదు, అందులో భర్త ఉన్నాడు. నిలబడే అడిగింది. "నా బిడ్డ పానం మీదికొచ్చింది. ఆ ఇటుకలు ముట్టకుండ్రి."

పటేల్ గారు బి.డి.ఓ. గారి వైపు తిరిగారు. "మెంబర్ సాబ్ భార్యకు సభల మాట్లాడే హక్కున్నదా?"

"మెంబర్‌ను నేనే పటేలా," అంది సంతోషమ్మ.

బి.డి.ఓ. గారు హాజరు పట్టీ తెరిచారు. యెషయా వచ్చి కూర్చోగానే వేసిన హాజరు సంతోషమ్మ పేరుకెదురుగా ఉంది. సభ్యురాలు సభలోనే ఉన్నారు గనుక, నిలబడ్డ స్త్రీ బయటి వ్యక్తి అని తేల్చారు. బయటి వ్యక్తికి మర్యాదగా చాయ్ ఇచ్చి పంపారు.

ద్వారం లేచింది. మంత్రిగారు రెండు గంటలు మాట్లాడారు. అదే రోజు నొప్పులొచ్చిన చిన్నబిడ్డను నిర్మల్ తీసుకుపోతున్న బండి, దారి మూసినందున ద్వారానికి ఇవతలే ఆగింది. "జర బండిని పోనియ్యిండ్రి," అని సంతోషమ్మ కనబడ్డ ప్రతివాణ్ణీ బతిమాలింది. ప్రసంగం అప్పుడే స్త్రీని పూజించవలసిన అవసరం దగ్గరికి రావడంతో ఎవరూ ఆమె మాట వినిపించుకోలేదు. చిన్నబిడ్డ బతికింది. బండిలో పుట్టిన ఆడపిల్ల బతకలేదు.

కార్యక్రమం జయప్రదమైందన్న తీర్మానం సంతకానికి ఇంటికొచ్చింది. సంతోషమ్మ పెన్ను ముట్టలేదు. యెషయా పుస్తకాన్ని అరుగు మీదికి తీసుకుపోయి ఆమె సంతకం తానే పెట్టాడు. అది మునుపటికన్నా గుండ్రంగా ఉందని బి.డి.ఓ. గారు మెచ్చుకుని, పదవి వల్ల ఆడవాళ్ల చదువు బాగుపడుతోందని జిల్లాకు నివేదిక రాశారు. అది చదివి మేమందరం చాలా సంతోషించాం.