దేముడి బండి అద్దమూ, వంకర ముక్కువాడూ

“గురువులూ! ఈ కలకత్తా భవానీపూర్‌లో ఎవుడైనా నేరం చెయ్యాలనుకుంటే ముందు నా మొహం తల్చుకోవాలి. తల్చుకున్నాడా, చేతులు వణికి ఇంటికెళ్లి ముసుగు తన్ని పడుకోవాలి!”

దసరా సప్తమి నాడు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, నా టీ తాగుతూ పోలిరాజు చేసిన ప్రకటన ఇది. పోలిరాజు ఉద్యోగం నీళ్ల పంపు దగ్గర. కానీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ డిటెక్టివ్‌నని చెప్పుకుంటాడు. ఇప్పటిదాకా ఛేదించింది ఒకటే కేసు. పోయిన చెప్పులు. అవి అతని కాళ్లకే ఉన్నాయి. కనిపెట్టింది నేను.

టీ సగంలో ఉండగా మా పక్కింటి దేముడు రొప్పుతూ వచ్చిపడ్డాడు.

“బావా, కొంప ములిగిపోనాది! నైటు డ్యూటీ చేసొచ్చి కాసేపు పడుకున్నాను. లేచి చూత్తే బండికి కుడి అద్దం లేదు!”

ఆ బండి దేముడి నాన్న కాలం నాటి పికప్పు. ముందు గుండ్రటి దీపాలు, వెనక చెక్క తొట్టి. మా వీధి దుర్గమ్మను దశమి నాడు గంగ ఒడ్డుకి మోసేది ఎప్పుడూ ఆ బండే. నాన్న పోయాక స్టీరింగు దేముడి చేతికొచ్చింది. ఈ ఏడు పూజా కమిటీకి అభిజిత్ అని కొత్త సెక్రటరీ వచ్చాడు. “దేముడు దాదా, రెండు పక్కలా అద్దాలుంటేనే నీ బండి. లేదంటే అద్దె లారీ,” అని ముందే చెప్పేశాడు.

“అమ్మోరు అద్దె లారీ ఎక్కితే ఈ వీధిలో నాను తలెత్తుకోలేను బావా,” అన్నాడు దేముడు.

పోలిరాజు గ్లాసు కింద పెట్టాడు. కళ్లు చిన్నవి చేశాడు. “నడు!” అన్నాడు.

పట్టపగలు టార్చి వేసి బండి చుట్టూ తిరిగాడు. డ్రైవరు తలుపు దగ్గర ఠక్కున ఆగాడు.

“రెండు చిల్లులు! గురువులూ, తుపాకీ గుళ్లు!”

“బోల్టు చిల్లులు బావా,” అన్నాడు దేముడు. “అద్దం ఇనప కాడని అక్కడే బిగించుతాం.”

“అలా అనుకోవాలనే వాడి పన్నాగం. అద్దం ఆనవాళ్లు చెప్పు.”

“గుండ్రంగా ఉంటాది. అద్దంలో ఏదో తేడా ఉన్నాది, ఎవులు చూసుకున్నా ముక్కు ఎడం పక్కకి వొంగిపోద్ది. మా అయ్య...”

“అనవసరమైన విషయాలొద్దు! ముఖ్యమైనవి చెప్పు. ఇంకో మాట, మీ ఆవిడకి కూడా చెప్పకు. ఇది పరమ రహస్య దర్యాప్తు.”

అంతలో దేముడి భార్య అప్పమ్మే వచ్చింది. తెల్లారగట్ల నుంచీ పందిట్లో పళ్లు కోస్తోంది, కత్తిపీట కోసం ఇంటికొచ్చింది. పోలిరాజు అద్దం లేని తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“చెల్లెమ్మా, ఈ బండి దగ్గర అనుమానంగా తిరిగే మనిషెవడైనా ఉన్నాడా? ఎందుకని మాత్రం అడక్కు.”

“నానెందుకడుగుతాను? ఒకడున్నాడన్నయ్యా. రోజూ పొద్దున్నే వొచ్చి బండి అద్దంలో మీసం దువ్వుకుంటాడు. వంకర ముక్కోడు. పనీ పాటా ఉన్నట్టు లేదు.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. పోలిరాజు మీసం దువ్వుకున్నాడు.

“దొరికాడు! వంకర ముక్కు, మీసం, సోమరితనం. కరడుగట్టిన ముఠా నాయకుడి లక్షణాలు!”

నేనేదో అనబోయాను. “నువ్వు ఆలోచించకు గురువులూ, అలవాటు లేదు,” అన్నాడు.

ముందు జాగ్రత్తగా వేరే అద్దం కొందామని ముగ్గురం మల్లిక్ బజార్ వెళ్లాం. పాత బండ్ల సామాన్లు కొండల్లా పోసి ఉంటాయక్కడ. కొట్టువాడు అడిగాడు.

“ఏ బండికి దాదా?”

“చెప్పకూడదు,” అన్నాడు పోలిరాజు.

“కుడి పక్కదా, ఎడమ పక్కదా?”

“అది దర్యాప్తులో ఉంది.”

“బోల్టుకి పాత మరా, కొత్త మరా? పాత బండ్లకి అంగుళాల మర ఉంటుంది, ఇప్పటివి మిల్లీమీటర్లు.”

“మమ్మల్ని నువ్వు ప్రశ్నించడమేంటయ్యా! ఆ గుండ్రటిదియ్యి.”

నోరు విప్పబోయిన దేముడి కాలు తొక్కి మరీ ఆ అద్దమే కొనిపించాడు. ఇంటికొచ్చి బిగించాం. డ్రైవరు సీట్లోంచి చూస్తే రోడ్డు కనపడలేదు, ఎదురింటి కార్నీసు మీద పావురాలు కనిపించాయి. అది ఎడమ పక్కది. దాని నట్టేమో పాత బోల్టు మీద రెండు చుట్లు తిరిగి మొరాయించింది. దేముడు హారన్ కొట్టాడు. అద్దం ఊడి కిందపడి ముక్కలైంది. పావురాలు ఎగిరిపోయాయి.

“మంచిదే, అది నకిలీదని రుజువైంది,” అన్నాడు పోలిరాజు.

ఆ సాయంత్రం వీధి నిండా పండగ జనం. పోలిరాజు ప్రతివాడి ముక్కు మీదా టార్చి వేస్తున్నాడు. “అయ్యా మోషాయ్, కాస్త పక్కకి తిరగండి. ఇటు. చాలు, నిర్దోషి!” ఒక పెద్దాయన భక్తిగా తల పైకెత్తి, “డాక్టర్‌బాబూ, సైనస్‌కి ఏం వాడమంటారు?” అని అడిగాడు. ఆయన వెనక ఇంకో నలుగురు వరస కట్టారు. పోలిరాజు అందరికీ ఆవిరి పట్టమని చెప్పాడు.

ఈ లోపు అభిజిత్ దేముణ్ణి పట్టుకున్నాడు. “దాదా, రేపు పుష్పాంజలి అయ్యేసరికి అద్దం చూపించు. లేకపోతే లారీ వాడికి ఫోన్ చేసేస్తాను.” ఆ రాత్రి దేముడు పందిట్లో ప్రసాదంగా పెట్టే భోగం కిచిడీ కూడా ముట్టలేదు.

అష్టమి పొద్దున్న వీధి వీధంతా అంజలికి పందిట్లో నిలబడింది. మేము ముందు వరసలో ఉన్నాం. దేముడు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. పోలిరాజు మాత్రం చేతిలో పువ్వులు పెట్టుకుని పక్కవాళ్ల ముక్కులు లెక్కపెడుతున్నాడు. పూలు వేసి వంగి దణ్ణం పెట్టాడు. అలాగే బిగుసుకుపోయాడు.

“గురువులూ,” అన్నాడు గుసగుసగా, “వాడు! అమ్మవారి కాళ్ల దగ్గరే దాక్కున్నాడు. వంకర ముక్కు! మీసం! దొంగచూపులు! నన్నే చూస్తున్నాడు!”

“ఎక్కడ?”

“కదలకు! రేయ్! నీ ఆట కట్టింది! లొంగిపో!”

అంటూ ముందుకి దూకాడు. అక్కడంతా నీళ్లు. కాలు జారి, పురోహితుడి గంట మీదుగా వెళ్లి, రాగి పళ్లెం ముందు బోర్లా పడ్డాడు. పళ్లెంలో వంకర ముక్కువాడు కూడా అదే క్షణంలో బోర్లా పడ్డాడు.

అది అద్దం. గుండ్రటి అద్దం. వెనక ఇనప కాడ.

“నా అద్దం!” అని దేముడు గావుకేక పెట్టాడు.

“ఓలమ్మ, అరుస్తారేటి?” అప్పమ్మ పళ్ల బుట్ట దించి వచ్చింది. “నిన్న పొద్దున్న పురోహితులుగారి అద్దం పగిలిపోనాది. మట్టి విగ్రహం మీద నీళ్లు పొయ్యరు కదా, అద్దంలో కనిపించే అమ్మోరికే తానం చేయించుతారు. ఆ అద్దం లేక ఆయన ఏడుపు మొకం ఎట్టినాడు. నానే పానా అట్టుకెళ్లి ఇప్పి ఇచ్చినాను.”

“నాకు చెప్పవేటే!”

“నువ్వు గురకెట్టి తొంగున్నావు. లేచాక మీ ముగ్గురూ గుసగుసలు. ఏటని అడిగితే అడక్కూడదంట!”

పోలిరాజు నేల మీంచే తలెత్తాడు. “మరి ఆ వంకర ముక్కువాడెవడు చెల్లెమ్మా?”

“ఇంకెవులన్నయ్యా? నువ్వే!”

పందిరంతా గొల్లుమంది. పోలిరాజు లేచి, పంచె దులుపుకుని, అభిజిత్ వైపు తిరిగాడు. “కేసు పూర్తయింది. నేరస్థుణ్ణి నేనే స్వయంగా గుర్తుపట్టాను. పేరు మాత్రం గోప్యం.”

అభిజిత్ అద్దాన్నీ అమ్మవారినీ మార్చి మార్చి చూశాడు. “అమ్మ స్నానం చేసిన అద్దం ఉన్న బండి! దీన్ని కాదని లారీ పిలిస్తే మా నాన్నమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు,” అన్నాడు. దేముడు ఆ పూట కిచిడీ మూడుసార్లు వడ్డించుకున్నాడు.

దశమి నాడు విగ్రహం కదలక ముందే, అద్దంలో కనిపించే అమ్మవారి నీడని నీళ్లలో సాగనంపారు. నీళ్లలో ముంచి తీసిన అద్దాన్ని పురోహితుడు దేముడి చేతిలో పెట్టాడు. అంగుళాల మర చక్కగా కూర్చుంది. విగ్రహాన్ని తొట్టిలోకెక్కించి పక్కకి తిప్పి నిలబెట్టారు. పడకుండా పట్టుకోడానికి పోలిరాజు ఎక్కాడు.

దేముడు ఇంజను వేసి, తడి అద్దంలోకి చూశాడు. చూసి పగలబడి నవ్వాడు. నేను వంగి చూశాను. అమ్మవారి ముక్కు చక్కగా ఎడం పక్కకి వంగి ఉంది. పక్కనే పోలిరాజుదీ.

“బావా!” దేముడు కిటికీలోంచి అరిచాడు. “అమ్మోరిదీ నీ ముక్కే!”

తొట్టిలోంచి పోలిరాజు గొంతు ఖంగుమంది. “నాకు మొదటి నుంచీ అనుమానమే! ఆవిణ్ణి కూడా వదిలేదిలేదు, గంగ దాకా నేనే పట్టుకుంటాను!”

“దుగ్గా, దుగ్గా!” అంటూ దుర్గమ్మను సాగనంపింది వీధంతా. ముసలి బండి కదిలింది.