మా అమ్మ కేసుకి మళ్ళీ మంచి రోజులు

ప్రతి ఇంటికీ ఒక పాత కేసు ఉండి తీరాలి! లేనివాళ్ళను చూస్తే నాకు జాలి. వాళ్ళను గుర్తుపెట్టుకునే టీవీ చానెల్ ఒక్కటైనా ఉందా, పాపం?

మాకుంది. నా చిన్నప్పుడు మా అమ్మ కాన్పుల ఆసుపత్రిలో ఆయా. ఒకరోజు వార్డులో పసిబిడ్డ కనిపించకుండా పోయింది. పోలీసులు అమ్మను పట్టుకెళ్ళారు. తర్వాత బిడ్డ దొరికింది. ఎత్తుకెళ్ళింది ఆ బిడ్డ సొంత మేనత్తేనని తేలింది. అమ్మ తప్పేమీ లేదని కోర్టు కేసు కొట్టేసింది.

చుట్టాలు సైతం మరిచిపోయిన ఈ గొడవను చానెల్‌వాళ్ళు మాత్రం కడుపులో పెట్టుకుని కాపాడారు. పోయిన వారం దుమ్ము దులిపి, ఉరుముల మ్యూజిక్ తగిలించి వదిలారు. "పసికందు మాయం! ఆ రోజు ఆయా చేతిలో ఏముంది?"

ఏముంటుంది? చీపురు!

కానీ అలా అంటే ఎవరు చూస్తారు? అందుకే అమ్మ వేషానికి ఒక నటిని తెచ్చారు. ఎంత కాటుక! చీకటి వరండాలో ఆవిడ కళ్ళు తిప్పుతుంటే నాకే భయమేసి తలుపు గడియ చూసుకున్నాను.

"అంత పట్టుచీర కట్టుకుని బాత్రూములు కడిగానటే నేను?" అంది పక్కనే కూర్చున్న అమ్మ. ఆ తర్వాత సరిగ్గా అన్నం ముట్టలేదు. చూశారా, డైటింగు కూడా ఫ్రీ!

నేనే చానెల్‌కి ఫోన్ చేశాను. "కోర్టు కొట్టేసిందని ఎందుకు చెప్పలేదు బాబూ?"

"అది చెప్తే స్టోరీ అక్కడే అయిపోతుంది కదక్కా!"

ఎంత నిజాయితీ! పైగా అక్కా అన్నాడు.

వాళ్ళకు మర్యాద కూడా తెలుసు. కోర్టు మెట్లు దిగుతున్న పాత ఫొటోలో అమ్మ మొహం మసక చేశారు. ఆవిడ కొంగు పట్టుకున్న పిల్లను మాత్రం మరిచారు. మరిచి, ఆ పిల్ల చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు! ఆ పిల్ల నేనే. మూడో తరగతి చదివే నా కూతురిది ఇప్పుడు అచ్చు అదే మొహం.

ఇంకేం, బళ్ళో నా కూతురు స్టారైపోయింది! లైన్లో చెయ్యి పట్టుకోవాల్సిన జత పిల్ల చేతులు వెనక్కి దాచుకుందట. "మా చెల్లిని కూడా ఎత్తుకుపోతావా?" అందట.

ఇంటికొచ్చి నన్నడిగింది. "అమ్మా, నేనెవరి పాపని ఎత్తుకుపోయాను?"

తనే చేసి మరిచిపోయిందేమోనని దాని అనుమానం! టీవీ అబద్ధం చెప్పదు కదా!

నిన్న హెడ్మాస్టరమ్మ పిలిపించింది. మంచి మనిషి. కుర్చీ చూపించింది, మంచినీళ్ళిచ్చింది.

"గొడవ చల్లారేదాకా పాపను ఇంట్లోనే ఉంచుకోమ్మా. కొన్నాళ్ళేగా!"

నేను ఐదో తరగతిలో ఉండగా మా బళ్ళో మా అమ్మకూ ఇదే మాట చెప్పారు. ఇంత మెల్లగానే, ఇంత ప్రేమగానే.

నేనింకా ఇంట్లోనే ఉన్నాను.