తొంభై ఆరు మార్కులకు గడ్డ ఉండకూడదు

మనిషి ఎలా బతకాలన్న ప్రశ్న శాశ్వతంగా తేలిపోయింది. ఇన్నాళ్లూ డాక్టర్లొకటి, అత్తగార్లొకటి, బస్సులో పక్క సీటాయన ఇంకొకటి చెప్పి జనాన్ని అయోమయంలో పడేసిన ఈ సమస్యను జీవనశైలి మదింపు కార్యాలయం వారు పోయిన ఏడాది ఒక సోమవారం, టీ వేళకు ముందే, రెండు పేజీల ఉత్తర్వుతో పరిష్కరించేశారు. (అందులో ఒక పేజీ నిండా ముద్రలే.)

ఇకపై తినే తిండికీ, వేసే అడుగుకూ మార్కులుంటాయి. కూరగాయలకు అయిదు, నడకకు పది, సిగరెట్టుకు మైనస్ ఇరవై, మందుకు గ్లాసు సైజును బట్టి కోత. కంచాన్ని ఫొటో తీసి యాప్‌లో పెడితే కూరగాయల నిర్ధారణ గుమాస్తా దాన్ని పరిశీలించి, అది నిజంగా కూరగాయేనా, లేక కూరగాయ వేషం వేసుకున్న వేపుడా అన్నది తేలుస్తాడు. వందకు తొంభై దాటితే నిర్భయ పత్రం ఇస్తారు. సదరు వ్యక్తికి క్యాన్సర్ రాదని కార్యాలయం వారి నమ్మకం. నమ్మకం కింద సంతకం కూడా ఉంటుంది.

ఇంతవరకు బాగానే ఉంది. (ఇలాంటివన్నీ ఇంతవరకు బాగానే ఉంటాయి.) చిక్కంతా పద్నాలుగో నిబంధనతో వచ్చింది. పెద్దాసుపత్రిలో క్యాన్సర్ పరీక్ష చేసే యంత్రం ఒక్కటే కాబట్టి, ఎవరికి మార్కులు తక్కువైతే వారికి ముందు పిలుపు. తొంభై దాటినవారికి అసలు పిలుపే ఉండదు. రాని రోగానికి యంత్రమెందుకు?

నెల తిరిగేసరికి ఆసుపత్రి గేటు ముందు చిప్స్ బండ్లు వెలిశాయి. వరుసలో ఉన్నవాళ్లు తమ స్థానం జారిపోకుండా శ్రద్ధగా నములుతుండేవారు. ఒక పెద్దమనిషి ముప్పై ఏళ్ల సిగరెట్టు అలవాటును మంగళవారం మానేశాడు. బుధవారానికి నలభై మందికి వెనకపడ్డాడు. "ఇంకొక్క వారం ఆగి మానొచ్చుగా! అన్నిటికీ తొందరే మీకు!" అని ఆయన భార్య అందరి ముందూ కడిగిపారేసింది. పాపం, ఆయన తలొంచుకుని పక్కవాడి దగ్గర ఒకటి అడిగి ముట్టించాడు.

ఇదంతా చూసి నేనూ మీలాగే నవ్వుకున్నాను. మా వదిన వంతు వచ్చేదాకా.

మా వదిన ఉత్తరాలు పంచే ఉద్యోగి. రోజుకు పదకొండు కిలోమీటర్లు నడుస్తుంది. అందులో సగం లిఫ్టు లేని మేడల మెట్లే. వేళకు తింటుంది, వేళకు పడుకుంటుంది, మమ్మల్నీ అలాగే చెయ్యమని పోరుపెడుతుంది. ఆమెకు తొంభై ఆరు మార్కులు. గడియారాలు బాగుచేసే మా అన్నయ్య కుర్చీ దిగడు, సిగరెట్టు ఆర్పడు, కంచంలో పచ్చగా ఏదైనా కనబడితే "ఇదెవరిది?" అని అడుగుతాడు. ఆయనకు ముప్పై ఒకటి. అందుకే ఆయనకు నెలనెలా ఆసుపత్రి నుంచి పిలుపు చీటీ వచ్చేది. ఆయన దాన్ని మడిచి, గోడగడియారం పక్కకు ఒరగకుండా దాని వెనక దోపేవాడు.

ఒకరోజు స్నానం చేస్తుంటే వదినకు ఎడమ రొమ్ములో సెనగగింజంత గడ్డ చేతికి తగిలింది. మూడు వారాలు చూసింది. పోలేదు. సంగతి చెప్పగానే అన్నయ్య చేతిలో సిగరెట్టు ఆర్పేశాడు, నేను చెప్పులు వెతుక్కున్నాను. నన్ను సరిగ్గా తిట్టడం తెలిసిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. కార్యాలయానికి నన్నే తోడు రమ్మంది. అన్నయ్యను తీసుకెళితే ఆయన్ని మోసుకురావాల్సి వస్తుందని ఆమె భయం.

మూడో నంబరు కిటికీ వెనక ముప్పు అంచనా అధికారి కూర్చుని ఉన్నాడు. స్క్రీను చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"తొంభై ఆరు! మా ఆఫీసులోనే ఎవరికీ లేవమ్మా. మీకు రాదు, నిశ్చింతగా ఇంటికెళ్లండి."

"గడ్డ ఉందండీ."

"తొంభై ఆరుకి ఉండకూడదే!"

"వచ్చిందో లేదో చూడమనే కదండీ అడుగుతున్నాను?"

"రానిదాన్ని ఎలా చూస్తామమ్మా? యంత్రం ఏమనుకుంటుంది?"

వదిన కదల్లేదు. మెట్లు ఎక్కీ ఎక్కీ గట్టిపడ్డ కాళ్లు అవి. అధికారి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. నిజానికి మంచివాడే. "ఒక్కటే దారి. నలభై కిందికి దిగండి, పిలుపు వస్తుంది. పతన దరఖాస్తు ఇస్తాను, రెండు కాపీలు నింపండి. వృద్ధిలోకి రావడానికి దరఖాస్తు అక్కర్లేదు గానీ, చెడిపోవడానికి మాత్రం కావాలి."

ఇరవై రెండేళ్ల కాపురంలో వదిన అన్నయ్యను సలహా అడగడం అదే మొదటిసారి. ఆయన గురువులా పొంగిపోయాడు. "ముందు పొద్దున్నే లేవడం మానెయ్. అసలు పునాది అదే," అన్నాడు. వదిన సోఫాలో పది నిమిషాలు పడుకుని, ఉండబట్టలేక లేచి, ఆ సోఫానే దులిపింది. యాప్ రెండు మార్కులు కలిపింది. సిగరెట్టును థర్మామీటర్ పట్టుకున్నట్టు పట్టుకుని ఒక దమ్ము లాగి, దగ్గుకుంటూ వీధి చివరిదాకా పరిగెత్తింది. పరుగుకు మూడు మార్కులు. ఇలా కాదని మూడు పూటలా సాసేజ్‌ల ఫొటోలు పెడితే యాప్ ఇలా జవాబిచ్చింది: "మీ ఖాతాను ఎవరో దుర్వినియోగం చేస్తున్నారు. మీ భద్రత దృష్ట్యా మార్కులను తొంభై ఆరు దగ్గర స్థిరపరిచాం."

"మంచిపేరు వచ్చినంత సులువుగా పోదన్నమాట," అంది వదిన. నవ్వుతూనే అంది గానీ చెయ్యి మాటిమాటికీ ఎడమవైపుకే పోతోంది.

ఈలోగా, వదిన సోఫాలో ఉంటే ఉత్తరాలెవరు పంచాలి? సంచీ అన్నయ్య భుజానికెక్కింది. తొమ్మిది రోజులు మెట్లెక్కేసరికి ఆయన మార్కులు ముప్పై తొమ్మిదికి పాకాయి. ఆ అంకె చూడగానే వదినకు గడియారం వెనకున్న చీటీ గుర్తొచ్చింది.

"ఏమండీ, కూర్చోండి! కదలకండి! ఆ చీటీ ఈ నెలదేనా?"

ఈ నెలదే. తారీఖు మర్నాడే. అన్నయ్యను కుర్చీకి అప్పగించి, చేతిలో చిప్స్ పొట్లం పెట్టి, చీటీ పట్టుకుని ఇద్దరం ఆసుపత్రికి పోయాం.

నర్సు చీటీ చూసింది, వదినను చూసింది.

"పేరు మీ ఆయనది."

"అవునమ్మా."

"గడ్డ మీది."

"అవునమ్మా."

"మార్కులెన్ని?"

వదిన తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. నర్సు పెన్ను పక్కన పెట్టింది. "మంచి అలవాట్లతో ముప్పు తగ్గుతుందమ్మా. అసలే రాదని మేమెవరికీ చెప్పలేదు. గొడుగు వేసుకున్నవాళ్లు మాత్రం వానలో తడవరా? లోపలికి రండి."

అనుకున్నదే అయింది. కాకపోతే చిన్నది, తొందరగా దొరికింది. "ఇంకో ఆరు నెలలు ఆగుంటే నేను వేరే మాట చెప్పేదాన్ని," అంది డాక్టరమ్మ. ఆ మాటకు అన్నయ్య ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వదిన ఇద్దరినీ తిట్టింది. ప్రాణం లేచొచ్చింది.

ఆపరేషనూ మందులూ అన్నీ అన్నయ్య పేరు మీదే జరిగాయి. రికార్డుల ప్రకారం వదినకు ఏ రోగమూ లేదు కాబట్టి సెలవు దొరకలేదు. కాబట్టి ఉత్తరాలు అన్నయ్యే పంచాడు. నాలుగో అంతస్తుకు ఊపిరైనా వెళ్లాలి, పొగైనా వెళ్లాలి, రెండూ వెళ్లవని తెలుసుకుని సిగరెట్టు మానేశాడు. డెబ్బై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నాడు. కఠినమైన వ్యాధిని జీవనశైలితో జయించిన ఆదర్శ రోగిగా కార్యాలయం వారు ఆయనకు శాలువా కప్పారు. ఆయనకు చెమటలు పట్టాయి. (అదీ యాప్‌లో వ్యాయామంగానే నమోదైంది.)

మొన్న కార్యాలయం వారి వార్షిక నివేదిక వచ్చింది. ఈ ఏడాది తొంభై మార్కులు దాటినవారిలో ఒక్కరికి కూడా క్యాన్సర్ రాలేదట. ఆ వాక్యాన్ని వదినే మాకు పైకి చదివి వినిపించింది, ఇప్పుడిప్పుడే మొలుస్తున్న జుట్టును అరచేత్తో నిమురుకుంటూ.