నంబర్లు కలిసిన రైఫిల్

శనివారం ఉదయం డెల్మార్ హాగెన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తుపాకుల కొట్టు తెరిచే వేళకు అక్కడుండాలి. యుగోస్లావియా సైన్యం వదిలించుకున్న పాత రైఫిళ్ళ పెట్టెలోంచి ఒక్కటి ఏరుకోవాలి. భోజనానికి ఇంటికి చేరాలి. అయితే ఏ దేశం రైఫిల్ కొనాలో తేల్చుకోవడానికే అతనికి మూడు శీతాకాలాలు పట్టింది. రష్యా వాళ్ళది చవకే కానీ భుజం విరగ్గొడుతుంది. స్వీడన్ వాళ్ళది ముచ్చటగా ఉంటుంది కానీ, నార్వే నుంచి వచ్చినవాళ్ళ మనవడు స్వీడన్ తుపాకీ పట్టుకు తిరిగితే మా నార్త్ డకోటాలో తాతలు సమాధుల్లోంచి లేచి వస్తారు. చివరికి యుగోస్లావియా దగ్గర మనసు కుదిరింది.

గుమ్మంలో భార్య వెర్నా అడ్డం నిలబడింది.

"పోయినసారి గ్రీజు వదలాలని ఆ తుపాకీ ఇనప ముక్కలు నా సూపు గిన్నెలో ఉడకబెట్టావ్. గుర్తుందా?"

"కొత్త గిన్నె కొనిచ్చాగా!"

"ఈసారి గిన్నెల బేరం లేదు. వంటింట్లో ఆ గ్రీజు ఒక్క చుక్క కనపడిందో, రైఫిల్ మళ్ళీ కొట్టుకే పోతుంది. ఈ జన్మలో ఇంకో తుపాకీ మాట ఎత్తనివ్వను."

వెర్నా అన్నదంటే చేస్తుంది. డెల్మార్ టోపీ చెవుల మీదకి లాక్కుని, బుద్ధిగా తల ఊపి, మంచులోకి నడిచాడు.

కొట్లో వెర్నా వాళ్ళ అన్నయ్య లీలండ్ అప్పటికే పెట్టె మీదకి వంగి ఉన్నాడు. పాత రైఫిళ్ళ విషయంలో అతను మా జిల్లాకంతటికీ పెద్ద. ఆ పదవి అతనికి ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. తుప్పు పట్టకుండా సైన్యం వాళ్ళు అప్పుడెప్పుడో పూసిన గోధుమరంగు గ్రీజు కింద చెక్క ఏదో, ఇనుము ఏదో తెలియడం లేదు.

"ఎందుకు బావా నీకిది? దాచుకోడానికా, కాల్చుకోడానికా?" అన్నాడు లీలండ్.

"రెండింటికీ."

"అయితే కాల్చుకోడానికి గొట్టం చూడు, దాచుకోడానికి నంబరు చూడు. ఇనుము మీద, తూటా ఎక్కించే బోల్టు మీద, అడుగున పొడుగాటి చెక్క మీద, మూడు చోట్లా ఒకే నంబరుండాలి. ఒక్కటి తప్పిందా, అది రైఫిల్ కాదు, పొయ్యిలో కట్టె!"

డెల్మార్ ఒక్కో రైఫిలూ తీసి, బోల్టు లాగి, వెనక తెల్ల కాగితం పెట్టి గొట్టంలోంచి చూశాడు. గొట్టం కొసలో తూటా మొన దూర్చి అరిగిందో లేదో పరీక్షించాడు. నంబరు కోసం జేబురుమాలు పాడుచేశాడు. అది చాలక మఫ్లరు కూడా పాడుచేశాడు. చివరికి మూడు చోట్లా అరవైరెండు నలభై ఉన్న రైఫిల్ దొరికింది. ఆనందంతో అతని కళ్ళు చెమర్చాయి. లీలండ్‌కూ ఒకటి దొరికింది, డెబ్బైమూడు పద్దెనిమిది. ఆ నంబరు అతను కొట్టువాడికి చెప్పాడు, పెట్రోలు బంకులో అమ్మాయికి చెప్పాడు, రోడ్డు మీద మంచు తోసే బండిని ఆపి మరీ చెప్పాడు.

మధ్యాహ్నం ఇద్దరూ లీలండ్ గ్యారేజీలో రైఫిళ్ళు విప్పారు. గ్రీజు పట్టిన రెండు చెక్కలూ మూలన పక్కపక్కన నిలబెట్టారు. చలికి ఆ గ్రీజు రాయిలా బిగుసుకుపోయింది.

"నల్ల సంచిలో చుట్టి ఎండలో కారులో పడేస్తే అదే కారిపోతుంది. జూన్ దాకా ఆగు బావా," అని సలహా ఇచ్చి లీలండ్ కాఫీ కోసం లోపలికి వెళ్ళాడు.

వచ్చే శనివారమే తుపాకీ క్లబ్బులో పాత సైనిక రైఫిళ్ళ పోటీ. జూన్ దాకా ఆగడం డెల్మార్ వల్ల కాలేదు. లీలండ్ తిరిగొచ్చి ఇంకో గంట ఉపన్యాసం మొదలెట్టేలోగా, ఒక చెక్క చంకన పెట్టుకుని చల్లగా జారుకున్నాడు.

ఇంట్లో ఓవెన్ చిన్నది, పైగా వెర్నాది. చర్చి వంటింట్లో ఓవెన్ మాత్రం పొడవైనది. ఆదివారాలు పొద్దున్నే వెళ్ళి చర్చిలో వేడి రాజేసేది డెల్మారే కాబట్టి తాళం అతని దగ్గరే ఉంది. వంటింట్లో అని వెర్నా అన్నది ఇంటి సంగతే అని తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు. చర్చి వంటింటికి పెద్ద కూడా వెర్నాయేనన్న సంగతి ఆ తీర్పులో ఎక్కడా రాలేదు. మర్నాడు ఆదివారం పొద్దున్నే చెక్కను వంటకి వాడే వెండిరంగు రేకులో చుట్టి, పొడుగాటి పళ్ళెంలో పెట్టి, సన్నటి వేడి మీద ఓవెన్లోకి తోశాడు. ప్రార్థనలో ఆఖరి పాట మొదలవగానే లేచొచ్చి తీసేస్తే సరి.

ఆ రోజు కొత్త పాస్టరు మారిట్ సుండ్బీ గారికి స్వాగత విందు. తలా ఒక వంటకం తెస్తారు. డెల్మార్ బెంచీ చివర కూర్చున్నాడో లేదో, లీలండ్ వచ్చి అతన్ని లోపలికి నెట్టి దారికి అడ్డంగా కూలబడ్డాడు.

"మూడు చోట్లా డెబ్బైమూడు పద్దెనిమిది, బావా!"

"విన్నాను. కాస్త జరుగు, బయటికెళ్ళాలి."

"పాట మధ్యలోనా? కొత్త పాస్టర్ గారు ఏమనుకుంటారు? కూర్చో!"

ఈలోగా ఆడవాళ్ళు కింద ఉన్న వంటింట్లోకి దిగారు. ఓవెన్ తెరిచిన ఆల్మా పెద్దమ్మకు వెండి రేకులో పొడవాటిదేదో కనిపించింది. ఒక పక్క లావు, ఇంకో పక్క సన్నం. చలికాలమంతా గడ్డకట్టిన సరస్సుల్లో చేపలు పట్టే ఊరు మాది, అందరికీ ఒకటే తోచింది. ఎవరో పెద్ద పైక్ చేపను కాల్చి తెచ్చారు! వాసన తేడాగానే ఉంది. కానీ విందుకు వచ్చిన వంటకం ఎవరు చేశారని అడగడం, వంక పెట్టడం మాలో లేదు. మరీ నోట పెట్టలేకపోతే, "వేరే రకంగా ఉందే" అంటాం. అంతకన్నా పెద్ద తిట్టు మాకు తెలియదు. ఆల్మా పెద్దమ్మ చేపను బల్ల మధ్యలో పెట్టి, పళ్ళెంలోకి కారిన గోధుమరంగు రసాన్ని గిన్నెలోకి వంచి గరిటె వేసింది.

డెల్మార్ మెట్లు దిగి వచ్చేసరికి వడ్డన వరస కదులుతోంది.

పాత తుపాకీ గ్రీజును మైలు దూరం నుంచే పసిగడతానని చెప్పుకునే లీలండ్, ఆ రసాన్ని బంగాళాదుంపల మీద ధారాళంగా పోసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. అది చెల్లెలు చేసిందేమోనని అతని భయం. కాసేపు నమిలాడు.

"వేరే రకంగా ఉందమ్మా వెర్నా," అన్నాడు, కళ్ళలో నీళ్ళతో.

"నేను చెయ్యలేదే!"

"చేప కోసే మర్యాద కొత్త పాస్టర్ గారిది," అంటూ ఆల్మా పెద్దమ్మ మారిట్ గారి చేతికి కత్తి ఇచ్చింది. ఆవిడ నవ్వుతూ రేకు విప్పింది. కత్తి టక్కుమంది.

"బాగా కాలింది," అంది ఆల్మా పెద్దమ్మ.

"వేరే... వేరే రకంగా ఉందండీ," అంది మారిట్ గారు. వచ్చిన రోజే మా పద్ధతి పట్టేసింది పాపం.

వెర్నా మాత్రం పద్ధతి పక్కన పెట్టింది. "ఇది తుపాకీ చెక్క! నా ఓవెన్లో పెట్టిందెవరు?" అంటూ ఆమె చూపు తిన్నగా డెల్మార్ మీద వాలింది. మూడు శీతాకాలాల ఆశ మూడు క్షణాల్లో కొట్టుకు తిరిగి వెళ్ళిపోయేలా ఉంది. డెల్మార్ నిజం చెప్పేద్దామని సగం లేచాడు.

"దీని మీద ఏదో నంబరుంది," అంది పాస్టరు గారు, రుమాలుతో తుడుస్తూ. "డెబ్బైమూడు... పద్దెనిమిది."

హాల్లో అందరి తలలూ లీలండ్ వైపు తిరిగాయి. ఆ నంబరు తెలియనివాడు ఊళ్ళో ఎవడూ లేడు. గ్యారేజీలో హడావుడిగా ఎత్తుకొచ్చింది ఎవరి చెక్కో డెల్మార్‌కి అప్పుడు వెలిగింది. లేచినవాడు మెల్లగా కూర్చున్నాడు.

"నాది కాదు! నేనసలు..." అని లీలండ్ ఆగిపోయాడు.

"నీది కాదా?" అన్నాడు బల్ల అవతలి నుంచి కొట్టువాడు. "అయితే నీ రైఫిల్‌కి నంబర్లు కలవలేదన్నమాట!"

లీలండ్ ముఖం ఎర్రబడింది, తెల్లబడింది. ఒక వైపు చర్చి ఓవెన్లో తుపాకీ కాల్చిన తెలివితక్కువవాడన్న పేరు. రెండో వైపు నంబర్లు కలవని రైఫిల్ కొన్నవాడన్న పేరు. ఎంతసేపో ఆలోచించలేదు.

"నాదే!" అన్నాడు ఛాతీ విరిచి. "నేనే పెట్టాను. మూడు చోట్లా కలిసింది, చూసుకోండి!"

"సిగ్గులేకపోతే సరి," అంది వెర్నా. "ఓవెన్ తోమాకే ఇంటికెళ్తావ్. మా ఆయన్ని చూసి నేర్చుకో, ఎంత బుద్ధిగా కూర్చున్నాడో!"

బుద్ధిమంతుడు బావకి సాయంగా బక్కెట్టు మోశాడు. లీలండ్ ఓవెన్లో తల దూర్చి తోముతూనే ఉన్నాడు.

"నీ చెక్క గ్యారేజీలో ఉంది బావా," అన్నాడు చివరికి. "పట్టుకుపో."

ఆ శనివారం పోటీలో రైఫిళ్ళన్నిట్లోకీ మెరిసింది లీలండ్‌దే. చెక్క మీద గ్రీజు అలాగే ఉంచుకుని డెల్మార్ జూన్ కోసం చూస్తున్నాడు.